అత్త మట్టి, మేనకోడలి దానం

ఫిబ్రవరి 9

పూజ్యురాలైన అత్తయ్యకి నమస్కరించి వ్రాయునది (ఉత్తరం ఇలా మొదలుపెట్టాలని బళ్ళో నేర్పారు, నా మర్యాద ఇక్కడితో సమాప్తం),

చేరాను. బస్సు దిగగానే చేసిన మొదటి పని పళ్ళ మధ్య ఇసుక ఉమ్మడం. రెండోది నన్ను నేను తిట్టుకోవడం. నాన్నతో గొడవపడి ఇంట్లోంచి బయటపడాలనుకున్న ఆడపిల్ల హాస్టలుకి పోతుంది, స్నేహితురాలి గదికి పోతుంది. నేను మాత్రం చరిత్ర డిగ్రీ చంకన పెట్టుకుని, నీ మాట పట్టుకుని, వాన ముఖం మర్చిపోయిన ఊరికి వ్యవసాయం చెయ్యడానికొచ్చాను. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందంటే ఇదేనేమో.

ఫోను సంగతి మర్చిపో. ఇక్కడ సిగ్నలు నీళ్ళకన్నా అరుదు. వారానికోసారి వచ్చే బస్సులోనే టపా వస్తుంది, ఆ బస్సులోనే పోతుంది.

తాతయ్య గది నిలబడే ఉంది. రేకుల కప్పు, ఒక మంచం, కిటికీ సందుల్లో కుక్కిన పాత గుడ్డలు. ఇక్కడ ఇళ్ళన్నీ ఒకే దిక్కుకి వీపు పెట్టి, అలిగిన పెళ్ళివారిలా కూర్చున్నాయి. తలుపులన్నీ లోపలికే తెరుచుకుంటాయి. ఎందుకండీ అని ప్రెసిడెంటుగారిని అడిగాను. "బయట గుమ్మం ముందు దుమ్ము పేరుకుందనుకో, తలుపు బయటికి తొయ్యగలవా?" అన్నాడు. ఎప్పుడన్నా పేరుకుందా అంటే మాట మార్చాడు.

ఈయన కాలనీ సంఘానికి ప్రెసిడెంటు. వృత్తి టైర్ల పంక్చర్లు, వ్యసనం నిబంధనలు. సంగతి ఆయన చెప్పినట్టే రాస్తాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడు. ఇక్కడ వాన తక్కువ కాబట్టి ఏ పొలమూ ఏటా విత్తరు. ఒక ఏడు విత్తితే మరో ఏడు పడావు పెడతారు, అంటే ఊరికే వదిలేసి, పడ్డ నాలుగు చినుకుల్నీ నేలని పొట్టలో దాచుకోనిస్తారు. పడావు పెట్టిన పొలం చెక్కలో ఎవరైనా దొంగతనంగా విత్తి, అక్కడ పచ్చన కనిపిస్తే, ఆ ఇంటికి మరుసటి ఏడు సాగు బంద్. అదొక నిబంధన. ఏళ్ళ తరబడి పచ్చన కనిపించని చెక్క గట్టు పక్కవాళ్ళకి పోతుంది. ఇది రెండోది, మన మెడకి చుట్టుకున్నది.

నువ్వు పెళ్ళై వెళ్ళాక, తాతయ్య కూడా నీ దగ్గరికొచ్చేశాక, ఈ చెక్క బీడుపడిపోయింది. నాన్నేమో "నాకొద్దా దుమ్ము" అని నీకే వదిలేశాడు. ఇన్నాళ్ళూ ఎవరూ దాని ఊసెత్తలేదు. ఇప్పుడు గట్టు పక్కావిడ అర్జీ పెట్టింది. ఏప్రిల్ మొదట్లో సంఘమంతా వరసగా పొలాల మీద నడుస్తారట. ఆ రోజుకి నీ చెక్కలో మొలక లేకపోతే తాతయ్య పొలం ఆవిడది.

ఈ కాలనీ చరిత్ర కూడా అడిగాను, చదువుకున్న చదువు ఊరుకోనివ్వదు కదా. భూముల కంపెనీవాళ్ళు రంగుల కాగితం పంచి జనాన్ని పిలిచారట. దాని మీద పొలం మధ్యగా నీలంగా ఏరు. ఏదండీ ఆ ఏరంటే చూపించాడు. గులకరాళ్ళ వరస. "ఏరుందన్నారు, ఉంది. అందులో నీళ్ళున్నాయని ఎక్కడన్నా రాశారా?" అన్నాడు, తనే ఆ కంపెనీ గుమాస్తా అన్నంత గర్వంగా.

ఏం చెయ్యాలో, ఎలా చెయ్యాలో రాయి. నాకు తెలిసిన వ్యవసాయం పూలకుండీకి నీళ్ళు పోయడం. ఆ కుండీ కూడా చచ్చిపోయింది.

నీ రైతు మేనకోడలు

*

ఫిబ్రవరి 16

ఒసేయ్ పిడుగూ,

చేరినందుకు సంతోషం. చేరగానే వెక్కిరింపులు మొదలుపెట్టినందుకు మీ నాన్న కూతురివే అని నమ్మకం కుదిరింది.

ఈ మోకాలు సహకరిస్తే నిన్ను పంపేదాన్నా? షాపులో చూస్తే పెళ్ళిబట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి. కుట్టేవాళ్ళకి మెడ తిప్పే తీరిక లేదు. పైగా ఆ పక్కావిడ బతికుండగా ఆ నేల తొక్కనని నేను ఒట్టేసుకున్నాను. అందుకని నా బదులు నీ కాళ్ళు.

ఆవిడ గురించి ముందే చెప్తున్నా. మేమిద్దరం ఒకే బెంచీ మీద చదువుకున్నాం. వాళ్ళ నాన్నని ఊరంతా మంచం దొర అనేవాళ్ళు. పొద్దు నెత్తి మీదికొచ్చినా మంచం దిగేవాడు కాదు. వాళ్ళ పొలం చూస్తే నూనె ఎరగని తలలా ఉండేది. కోసిన పంట మోళ్ళు పీకరు, ఆకూ అలమూ ఏరరు, ఎక్కడి చెత్త అక్కడే. ఆ తండ్రి కూతురు ఇది. నేను చెత్తమ్మ అని పేరు పెట్టాను, ఊరంతా అదే పిలిచారు. ఆ సంతోషం ఇప్పటికీ తగ్గలేదు నాకు.

మీ తాత అలా కాదు. ఆయన నేలని దువ్వేవాడు. చినుకు పడి ఆరితే నేల పైన గట్టి పొర కడుతుంది. ఆ పొరలో సన్నగా బీటలు పడి, లోపలి తడంతా ఆవిరైపోతుంది. అందుకని ఆయన చినుకు ఆరీ ఆరకముందే ఎడ్లకి గుంటక కట్టి, ఆ పొర పగలగొట్టి, మళ్ళీ తోలి, మళ్ళీ తోలి, పైమట్టిని మెత్తటి దుమ్ము చేసేవాడు. ఆ దుమ్మే దుప్పటి. దుప్పటి కింద తడి భద్రం. ఊళ్ళో ఏటా పోటీ పెట్టేవాళ్ళు. అప్పటి ప్రెసిడెంటు అందరి పొలాల్లోనూ చెయ్యి గుచ్చి చూసేవాడు. ఎవరి మట్టిలో మణికట్టు దాకా నొప్పి లేకుండా దిగితే వాళ్ళకి ఇత్తడి బిందె. (నీళ్ళు లేని ఊళ్ళో బిందె ఏంటని అడక్కు. ఇచ్చేది ఇచ్చారు.) మీ తాతకి ఏటా ఆ బిందే. పిండిమర అని పిలిచేవాళ్ళు ఆయన్ని. గౌరవంగా.

అలాంటి మనిషిని చూసి కుళ్ళుకుని, నవ్వి, ఆ ఊళ్ళో ఉండనివ్వకుండా చేశారు. నా దగ్గరికొచ్చాక ఆయన పోయేదాకా ఆ ఊరి మాటెత్తలేదు. అడిగితే "అక్కడ నాకు చోటు లేదు" అన్నాడంతే. ఆ చెత్తమ్మ ముందు ఆ పొలం పచ్చగా నిలబడాలి. అంతకన్నా ఆ ఊరినుంచి నాకేమీ వద్దు.

పని చెప్తున్నా, విను. ముందు దున్నించు. తర్వాత పిండి అయ్యేదాకా గుంటక తోలించు. వాన కోసం చూడకుండా పొడి దుక్కిలోనే సజ్జలు చల్లెయ్. చినుకు పడగానే మొలుస్తాయి.

టీ తగ్గించు. తలకి గుడ్డ కట్టుకో.

అత్త

*

ఫిబ్రవరి 23

అత్తా, ఓ అత్తా,

దున్నడం అయింది. నేలలోంచి ముళ్ళకంపలు, ఒక చెప్పు, ఎవరిదో నాగలి ముక్క బయటపడ్డాయి. చరిత్రకారిణిగా పులకించాను. రైతుగా నడుం పట్టేసింది.

ఇప్పుడు నువ్వు అరవబోయే వాక్యం రాస్తున్నాను, షాపులో ఎవరూ లేనప్పుడు చదువు. ఎడ్లు ఆవిడవే. ఊళ్ళో ఇంకెవరూ ఇవ్వలేదు. "పిండిమర మనవరాలివా?" అని అడిగి, అవునంటే ఎద్దుకి జ్వరమనో, గుంటక విరిగిందనో చెప్పి తలుపులు లోపలికి తెరుచుకుని పోయారు. ఆవిడే గట్టు మీదికొచ్చింది. పెద్ద గొంతు, పెద్ద బొట్టు, చేతిలో ముల్లుగర్ర.

"ఏం చేద్దామని?"

"గుంటక తోలి మట్టి పిండి చేద్దామనండీ."

"ఎవరు చెప్పారు?"

"మా అత్త."

ఆవిడ నన్ను, నా పొలాన్ని, ఆకాశాన్ని ఆ వరసలో చూసింది. "మీ అత్త చెప్పిందంటే చెయ్యాల్సిందే. ఎడ్లని తోలుకుపో. ఎన్ని రోజులైనా ఉంచుకో" అంది. నవ్వింది కూడా. అత్తా, అర్జీ పెట్టిన మనిషి ఎడ్లిచ్చిందంటే మనసులో ఏదో మంచి ఉన్నట్టే కదా? నువ్వు చెప్పినంత చెడ్డది కాదేమో.

చెడ్డదైనా కాకపోయినా పొలం మాత్రం నువ్వు చెప్పినట్టే ఉంది. ఈ ఏడు వాళ్ళ చెక్క పడావు. నిరుటి మోళ్ళు మోకాలెత్తున అలాగే నిలబడి ఉన్నాయి, మధ్యలో ఎండుటాకు, గడ్డి. గడ్డం గియ్యని మొహంలా ఉంది.

ఎడ్లలో ఒకటి నన్ను చూసి జాలిపడుతుంది, రెండోది అసలు చూడదు. ఇంకా మట్టి బెడ్డలు బెడ్డలుగానే ఉంది. తొక్కితే పాదం మెలిపడుతోంది.

కాలనీకి వచ్చే ఏడు ఉత్సవమట, చిన్న పుస్తకం వేస్తారట. చరిత్ర చదివావు కదా రాసిపెట్టమన్నాడు ప్రెసిడెంటు. మొదటి వాక్యం ఆయనే చెప్పాడు: "మన పెద్దలు దూరదృష్టితో ఎన్నో ప్రయోగాలు చేసి ఈ నేలకి తగిన పద్ధతి కనిపెట్టారు." ఏమిటండీ ఆ పద్ధతి అంటే, మీ చెక్క సంగతి తేలాక చెప్తానన్నాడు. ఈ మనిషి పంక్చరు వేసినా సగమే వేస్తాడేమో.

నడుంనొప్పితో,
నేను

*

మార్చి 2

ఏమే,

ఎడ్లు తీసుకున్నావా! ఆవిడ దగ్గర! దాహమేసిందని పాము పుట్టలో చెయ్యి పెట్టావా? ఆవిడ నవ్విందంటున్నావే, ఆ నవ్వు నాకు తెలుసు. లెక్కల పరీక్షలో నా జవాబు తప్పని తెలిసీ దిద్దకుండా నవ్విన నవ్వు అది. వెంటనే తిప్పి పంపెయ్. ట్రాక్టరు దొరికితే పిలిపించుకో.

ఇక బెడ్డలా? పిండిమర పొలంలో బెడ్డలా? చదివి నాకు అన్నం దిగలేదు. నలిగిన చొక్కా వేసుకుని పెళ్ళికి పోయినట్టుంది. ఇంకా తోలించు. బెడ్డ కనిపించకూడదు. చేత్తో తీసి వదిలితే పొగలా జారాలి. అప్పటిదాకా ఆపకు.

పుస్తకంలో మీ తాత పేరు మొదటి పేజీలో ఉండాలి. ఆ పద్ధతి కనిపెట్టింది ఆయనేనని ఆ ప్రెసిడెంటు నోటితోనే చెప్పించు.

కోపంగా,
అత్త (అయినా తలకి గుడ్డ కట్టుకో)

*

మార్చి 9

షాపు యజమానురాలికి,

నీ ఉత్తరం అందేసరికే బెడ్డలన్నీ పోయాయి. నువ్వు తిట్టింది ముందు వారం పొలాన్ని. అయినా నువ్వు "ఇంకా" అన్నావు కాబట్టి ఇంకా తోలాను. నువ్వు "ఆపకు" అన్నావు కాబట్టి ఆపలేదు. ట్రాక్టరు మాటెత్తితే ఊరు ఊరంతా నవ్వింది, అందుకని ఎడ్లు ఆవిడవే. చివరికి అవి కూడా మధ్యలో ఆగి, ఇక చాలమ్మా అన్నట్టు చూశాయి.

చెయ్యి గుచ్చాను అత్తా. మణికట్టు దాటింది! మోచెయ్యి వైపు పోతూ ఉంటే భయమేసి తీసేశాను. పొద్దున్నే ఆ మట్టి మీద పిట్ట నడిస్తే గోళ్ళ గుర్తులు కూడా అచ్చుపడుతున్నాయి. ఇంత అందమైన పని నేను చేస్తానని నాకే తెలీదు. చేసిన ఉద్యోగాలన్నిటిలోనూ కనీసం ఒక కాగితమైనా నాది అనిపించలేదు. ఇది అనిపించింది. సజ్జలు చల్లేశాను. ఇక చినుకే ఆలస్యం.

ఊళ్ళో పెద్దవాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి చూసిపోయారు. ఒక ముసలాయన వంగి, దుమ్ము చిటికెడు తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఇంటికెళ్ళిపోయాడు. ఒకావిడ ఆరేసిన బట్టలు తడిగానే తీసేసి లోపల వేసుకుంది. అసూయ అంటే ఇలా ఉంటుందా? నువ్వు చెప్పింది నిజమే, ఈ ఊరికి మంచి పని చూస్తే కడుపుమంట.

గెలుపు వాసనతో (దుమ్ము వాసనే),
పిండిమర రెండవది

*

మార్చి 15

నా బంగారు తల్లీ,

చదివి ఏడ్చాను. షాపులో అందరికీ స్వీట్లు పంచాను. ఎందుకని అడిగితే మా నాన్న పొలం లేచిందని చెప్పాను.

మోచెయ్యి దాకానా? మీ తాతకి కూడా అంత దిగలేదే! ఆయన చూసుంటే ఏమనేవాడో. ఏమీ అనేవాడు కాదులే, మీసం సవరించుకునేవాడు.

ఆ బట్టలు తీసేసుకున్నావిడ ఎవరో కనుక్కో. మొలకలొచ్చాక ఆవిడ గుమ్మం ముందు నుంచే నువ్వు రెండుసార్లు నడవాలి.

ముద్దులతో,
నీ అత్త

*

మార్చి 17

అత్తా,

నీ పొలం లేచింది. అక్షరాలా.

మొన్న మధ్యాహ్నం ప్రెసిడెంటు షెడ్డులో కూర్చుని పుస్తకం మొదటి పేజీ రాస్తున్నాను. ఆయన ట్యూబు నీళ్ళలో ముంచి బుడగలు వెతుకుతున్నాడు. ఉన్నట్టుండి ట్యూబు వదిలేసి, "లోపలికి రా, తలుపెయ్" అన్నాడు. గాలి. నువ్వు ఈ ఊళ్ళో పుట్టావు, గాలంటే ఏమిటో నీకు నేను చెప్పాలా? కిటికీలోంచి చూస్తుంటే మన చెక్క మీద ముందు చిన్న పొగలా లేచింది. తర్వాత దుప్పటి అంచు పట్టి ఎవరో లాగినట్టు మొత్తం ఒకేసారి లేచింది. తక్కిన పొలాలన్నీ ఉన్నచోటే ఉన్నాయి. మనదొక్కటే ప్రయాణం కట్టింది. వెలుతురు గోధుమ రంగైపోయింది. నా పళ్ళలో ఇప్పటికీ తాతయ్య ఆస్తి కరకరలాడుతోంది.

గాలి తగ్గాక పరిగెత్తాను. నేల చేత్తో తుడిచిన గచ్చులా, గట్టిగా, నున్నగా ఉంది. సజ్జలు లేవు. గుంటక గీసిన గీత కూడా లేదు. గట్టు అవతల ఆవిడ పొలంలో మోళ్ళన్నీ మట్టిలో సగం దాకా మునిగి ఉన్నాయి. మన మట్టి వెళ్ళి ఆ చెత్తలో చిక్కుకుని, హాయిగా పడుకుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు, ఇక్కడ అత్త మట్టి మేనకోడలు దానం చేసింది.

ఆవిడ గట్టు మీద కూర్చుని ఉంది. నేను అరిచాను. మర్యాద తప్పాను కూడా.

"తెలిసే ఎడ్లిచ్చారా?"

"తెలిసే ఇచ్చాను."

"లేస్తుందని తెలుసా?"

"లేస్తుందనీ తెలుసు, ఎక్కడ దిగుతుందో కూడా తెలుసు. నా పొలానికి మంచి మట్టి ఊరికే వస్తానంటే వద్దనమంటావా? నేనేమన్నా పిచ్చిదాన్నా?"

"చెప్పొచ్చుగా!"

"మీ అత్త చెప్పిందన్నావు. మీ అత్త మాట మీద మాట చెప్పి గెలిచినవాళ్ళున్నారా?"

ఆ ప్రశ్న నీకే వదిలేస్తున్నాను అత్తా.

తర్వాత ఆవిడే చెప్పింది. ప్రెసిడెంటు అవునన్నాడు, ఆ దుమ్ము వాసన చూసిన ముసలాయన కూడా అవునన్నాడు. నువ్వు పెళ్ళై వెళ్ళిన మరుసటి ఏడు పెద్ద బెట్ట పట్టింది. చినుకు లేదు. పోటీ మాత్రం ఆగలేదు. ఊరంతా పిండి కొట్టారు. తాతయ్య అందరికన్నా మెత్తగా కొట్టి బిందె గెలిచాడు. ఆ తర్వాత గాలొచ్చింది. "ముందు మీ తాత పొలమే లేచింది. మొదటి బహుమతి పొలం కదా, ముందుండాలి" అంది ఆవిడ. వెనకే ఊరంతా లేచింది. గుమ్మాలు పూడిపోయాయి, అప్పటిదాకా ఈ ఊళ్ళో తలుపులు బయటికి తెరుచుకునేవట. తాతయ్య మట్టి మాత్రం సగం మంచం దొర పొలంలో పడింది, సగం ఊరి బావిలో. ఊరికి ఉన్న ఒకే బావి.

మంచం దొర పొలం ఒక్కటే కదలలేదు. బద్ధకించి మోళ్ళు పీకలేదు కాబట్టి. మరుసటి ఏడాది నుంచి ఊరంతా ఆయన్ని చూసి మోళ్ళు వదిలెయ్యడం మొదలుపెట్టారు. "మన పెద్దలు దూరదృష్టితో ప్రయోగాలు చేసి" అంటే ఇదీ. ఒకాయన మంచం దిగకపోవడం. ఆ కూతురు గర్వంగా చెప్తోంది: "మా నాన్న బద్ధకమే లేకపోతే ఈ కాలనీయే లేదు."

అత్తా, ఇప్పుడు చెప్పేది నవ్వకుండా రాస్తున్నాను. తాతయ్యని ఎవరూ పొమ్మనలేదు. ఎవరూ నవ్వలేదు, నవ్వే ఓపిక ఎవరికీ లేదు. ఆయనే బావిలోకి దిగి, తట్టల్లో మట్టి ఎత్తుతూ ఉండేవాడట. మంచం దొర బావి గట్టు మీద కూర్చుని "ఊరుకోవయ్యా, గాలి చేసిన పనికి నువ్వేం చేస్తావు" అనేవాడట. ఎంత ఎత్తినా తడి తగల్లేదు. ఒకరోజు తట్ట గట్టు మీద పెట్టి, బస్సెక్కాడు. ఎవరికీ చెప్పలేదు.

నాకు పొలం పోయినందుకు బాధగా ఉంది. అంతకన్నా ఇది నీకు రాయాల్సి వచ్చినందుకు.

నేను

*

మార్చి 24

నీకు,

ఎడ్లిచ్చి, మట్టి కొట్టేసి, పైగా కథ చెప్పింది. నువ్వు నమ్మేశావు. చదువుకున్నదానివి, ఎవరేం చెప్పినా చరిత్ర అని రాసుకుంటావా? మా నాన్న కష్టం ఊరిని ముంచింది, వాళ్ళ నాన్న బద్ధకం తేల్చింది! వినడానికి ఎంత ముచ్చటగా ఉంది! ఆ కథ చెప్పడానికి దానికి ముప్ఫై ఏళ్ళు పట్టిందా?

పొలం దానికి రాసిచ్చెయ్. వచ్చెయ్.

*

మార్చి 25

పిడుగూ,

నిన్నటి ఉత్తరం టపాలో పడేశాను, వెనక్కి తీసుకోవడం కుదర్లేదు. చదివితే చించెయ్.

రాత్రంతా ఒకటే గుర్తొస్తోంది. మీ తాత నా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే లేచి కిటికీలు తుడిచేవాడు. రోడ్డు మీది ఇల్లు కదా, దుమ్ము పడుతుంది. నేను ఎంత శుభ్రమైన మనిషో అని మురిసిపోయేదాన్ని. వచ్చినవాళ్ళకి చూపించేదాన్ని కూడా. తుడిచాక ఆయన గుడ్డని విదిలించేవాడు కాదే. మడత విప్పి, అందులో పడ్డ దుమ్ము వంక కాసేపు చూసేవాడు. తర్వాత కుళాయి కింద పెట్టి, నీళ్ళు తేటగా వచ్చేదాకా తడిపేవాడు. నీళ్ళు వృథా చేస్తున్నావు నాన్నా అని ఒకసారి విసుక్కున్నాను. "వస్తున్నాయి కదమ్మా" అన్నాడు.

నాకప్పుడు అర్థం కాలేదు. అక్కడ నాకు చోటు లేదు అన్నాడంటే, వాళ్ళివ్వలేదనుకున్నాను.

నేను నీకు చెప్పిన పని నేనెప్పుడూ చేసి చూసింది కాదు. గట్టు మీద కూర్చుని మా నాన్నని చూశానంతే. చూసిందే నేర్చుకోవడం అనుకున్నాను. నిన్ను దుమ్ములో కూర్చోబెట్టాను.

రాసివ్వకు. వచ్చెయ్యకు. ఆ సంఘం నడకేదో చూసి రా. ఓడిపోతే మన వాళ్ళెవరైనా అక్కడ నిలబడి ఓడిపోవాలి.

అత్త

*

ఏప్రిల్ 6

అత్తా,

రెండు ఉత్తరాలూ ఒకే బస్సులో వచ్చాయి. మొదటిది చించేశాను. రెండోది మడిచి దాచుకున్నాను.

ఇప్పుడు కుర్చీలో సరిగ్గా కూర్చో. సూది ఉంటే పక్కన పెట్టు.

నీ ఉత్తరాలకి ముందే వానొచ్చింది. పెద్దదేం కాదు, పలకరించి పోయింది. మన గచ్చు మీద పడ్డ చినుకులు పడ్డట్టే జారిపోయాయి. ఆ తర్వాత కొన్నాళ్ళకి గట్టు దగ్గర నిలబడితే కళ్ళు తిరిగాయి. ఆవిడ పొలం పచ్చగా ఉంది! మోళ్ళ మధ్య, చెత్త మధ్య, వరసా వాయీ లేకుండా సజ్జ మొలకలు. మట్టితో పాటు మన విత్తనాలు కూడా వలసపోయి, ఆవిడ దగ్గర కాపురం పెట్టాయి.

ఇది పడావు చెక్కలో పచ్చన అని ముందు నాకు తట్టింది, ఆవిడకి కాదు. నిన్న నడక మొదలైనప్పుడు ఆవిడ పట్టుచీర కట్టుకుని వచ్చింది, పొలం తీసుకోవడానికి. సంఘమంతా మన చెక్క మీద నిలబడ్డారు. ప్రెసిడెంటు మడమతో నేలని తట్టి చూశాడు. టైరుని తట్టినట్టు. "పచ్చన లేదు. కాబట్టి గట్టు పక్క..." అని అటు తిరిగి ఆగిపోయాడు.

"అదేంటమ్మా, నీ చెక్క ఈ ఏడు పడావు కదా?"

"పడావే."

"మరి ఆ పచ్చనేంటి?"

ఆవిడ మొహం చూడాల్సింది అత్తా. లెక్కల పరీక్షలో నవ్విన నవ్వు ఎక్కడికి పోయిందో!

"అవి నావి కాదు!"

"పడావులో పచ్చన కనిపిస్తే మరుసటి ఏడు సాగు బంద్. నిబంధన నేను పెట్టింది కాదు."

"నేను విత్తలేదయ్యా! నాకు తెలీకుండా వచ్చాయి!"

"మట్టి వచ్చినప్పుడు తెలుసన్నారుగా" అన్నాను నేను. నీ మేనకోడలిని కదా.

ముసలాయన దగ్గాడు. దగ్గు కాదు, నవ్వు. ప్రెసిడెంటు అందరి వంకా చూసి, గొంతు సవరించుకున్నాడు. "ఈ మొక్కలు నీవైతే నీకు వచ్చే ఏడు సాగు లేదు. నీవి కాకపోతే ఎవరివో చెప్పు. చెప్పి, అందరి ముందూ ఒప్పుకో."

ఆవిడ నా వంక చూసింది. నేను ఆకాశం వంక చూశాను. కాసేపు గింజుకుంది. తర్వాత ఊరంతా వినేలా, ఆ పెద్ద గొంతుతో చెప్పింది: "ఇవి పిండిమర గారి కూతురు విత్తించినవి. విత్తనం ఆవిడది, మట్టీ ఆవిడదే. నా చెత్త పట్టుకుని నిలబడ్డాయంతే."

"అయితే పిండిమర గారి చెక్కకి పచ్చన వచ్చినట్టే" అన్నాడు ప్రెసిడెంటు. "గట్టు దాటి వచ్చిందంతే. ఎక్కడ రావాలో నిబంధనలో లేదు."

పొలం నీది అత్తా! మట్టి లేని పొలం, పొలం లేని పంట, రెండూ నీవే. ఆవిడ కోపంగా ఇంటికెళ్ళిపోయింది. సాయంత్రం మళ్ళీ వచ్చి, "ఒకే బెంచీ మీద కూర్చున్నప్పుడు కూడా మీ అత్త సగం నా వైపే కూర్చునేది" అని తిట్టి, కూర గిన్నె పెట్టి వెళ్ళింది.

చిక్కొకటుంది. కోతకి హక్కుదారే దిగాలట, మేనకోడలు చెల్లదట. పైగా ఆవిడ షరతు, కంకులు కోసుకోవచ్చు గానీ మోళ్ళ మీద చెయ్యి వేస్తే ఊరుకోదట. ఇటు మన చెక్కలో పరచడానికి ఒక బండెడు చెత్త కూడా ఇస్తానంది. చెత్త ఉంటేనే మళ్ళీ మట్టి ఆగుతుందట.

పుస్తకంలో ఏం రాయను? బావి సంగతి రాయమంటావా?

నేను ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉంటాను. నాన్నకి చెప్పు. చెప్పకపోయినా ఫరవాలేదు.

నీ పిడుగు

*

ఏప్రిల్ 13

పిడుగూ,

రాయి. బావి సంగతే ముందు రాయి. ఎవరు తవ్వారో, ఎవరు పూడ్చారో, ఎవరు దిగి ఎత్తారో అన్నీ రాయి. పేరు పెట్టే రాయి. మంచం దొర గట్టు మీద కూర్చుని అన్న మాట కూడా రాయి. ఆయనొక్కడైనా మా నాన్నతో ఆ మాట అన్నాడు. నేననలేదు.

కంకి పాలుపోసుకునే వేళకి బస్సులో ఉంటాను. మోకాలికి పట్టీ కొన్నాను. కొడవలి నేనే తెచ్చుకుంటాను, అక్కడి కొడవళ్ళ మీద నాకు నమ్మకం లేదు. షాపు కుర్రదానికి అప్పజెప్పాను, అది కాజాలు వంకరగా కుడుతుంది, కుట్టనీ.

మోళ్ళు ముట్టుకోనని ఆవిడకి చెప్పు. ఇచ్చే చెత్త బండి నిండా ఇమ్మను, సగం బండి ఇచ్చి నవ్వితే ఊరుకోను.

ఇంకోటి. తాతయ్య గది దులిపి, నాకు అక్కడ పక్క వెయ్యకు. ఆవిడ ఇంట్లో వెయ్యమను. మా నాన్న ఎప్పుడో తన మట్టితో పాటే ఆ గట్టు దాటి వాళ్ళ పొలంలోనే ఉన్నాడట కదా. మరి నేనింకెక్కడ దిగుతాను?

అత్త